తంతి, తపాలా, చేతిఫోను: దూరాలు దాటిన తెలుగు మాట

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచం ఒక కుగ్రామమై పోయిందన్న మాట ఇటువంటి సభలలో తరచుగా వినబడుతూ ఉంటుంది. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే గ్రామమన్న తరువాత అందులో కచేరీ చావడీ ఉంటుంది, కోమట్ల వీధి ఉంటుంది, ఊరిచివర గుడిసెలూ ఉంటాయి. చావడి నుండి కోమట్ల వీధికి క్షణంలో చేరిన కబురు గుడిసెలకు చేరడానికి మూడు దినాలు పట్టవచ్చు. వార్తాసాధనాల చరిత్రను చదివేటప్పుడు తీగ ఎంత పొడవున్నదో తెలుసుకోవడం సులభమే. ఆ తీగ మీద ఎవరి మాట, ఏ భాషలో, ఏ లిపిలో ప్రయాణం చేసిందో కూడా అడగాలి. తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని షోలాపురం వచ్చి, తరాలు గడిచినా ఇంటిభాషను విడువని కుటుంబాల ముందు ఈ ప్రశ్న వేయడం అనుచితం కాబోదు.

మన దేశంలో తంతి చరిత్ర ఒక వైద్యునితో మొదలయింది. 1839లో కలకత్తా సమీపాన విలియం బ్రూక్ ఓషానెస్సీ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు సుమారు 21 మైళ్ల తీగను సాగదీసి విద్యుత్తు ద్వారా సంకేతాలు పంపి చూపాడు. అప్పటికి దానిని పట్టించుకున్నవారు తక్కువ. 1850 దశకంలో డల్హౌసీ గవర్నరు జనరలుగా ఉండగా ప్రభుత్వం ఆ పనిని చేపట్టింది. 1855 ఫిబ్రవరి నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలను కలిపిన తంతి మార్గం ప్రజల వాడుకకు కూడా తెరవబడింది. 400 మైళ్ల దూరానికి 16 మాటలు పంపడానికి ఒక రూపాయి రుసుము. ఆ రోజులలో రూపాయి అంటే కూలివాని ఇంట ఎన్ని దినాల తిండియో ఊహించుకోవచ్చు. కనుక ప్రజలంటే ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

నేల మీద తీగ వేయడం ఒక ఎత్తు, సముద్రం అడుగున వేయడం మరొక ఎత్తు. ఉప్పునీటిలో రాగితీగ నుండి విద్యుత్తు బయటకు పోకుండా దానికి తొడుగు కావాలి. ఆ తొడుగు ఇంగ్లండులో దొరకలేదు. మలయా అడవులలో గట్టాపర్చా అనే చెట్టు పాలు గడ్డకట్టించి, వేడినీటిలో మెత్తబరచి తీగకు పూస్తే, సముద్రపు అడుగున చల్లదనానికి, ఒత్తిడికి అది చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ పాల కోసం అక్కడి చెట్లను లక్షల సంఖ్యలో నరికివేశారు. 1858 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున ఐరోపాను అమెరికాతో కలిపే తొలి తంతిని వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలి గట్టుకు చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. మూడు వారాలు తిరక్కుండానే ఆ తంతి మూగబోయింది. 1866లో గ్రేట్ ఈస్టర్న్ అనే బ్రహ్మాండమైన ఓడ సాయంతో వేసిన తంతితో గాని పని స్థిరపడలేదు. అదే ఓడ 1870లో బొంబాయికి వచ్చి ఏడెను వరకు తంతిని పరిచింది. దానితో ఆ సంవత్సరమే లండను నుండి జిబ్రాల్టరు, మాల్టా, అలెగ్జాండ్రియా, సూయజు, ఏడెను మీదుగా బొంబాయికి నేరుగా వార్త రాసాగింది. మరుసటి ఏటికి మద్రాసు నుండి పెనాంగు మీదుగా సింగపూరుకు మరొక తంతి బంగాళాఖాతం అడుగున సాగిపోయింది. 1902లో పసిఫిక్ మహాసముద్రాన్ని కూడా దాటడంతో భూగోళానికి తంతి మొలత్రాడు కట్టినట్లయింది.

ఇందువల్ల షోలాపురానికి ఏమి ఒరిగింది? చాలా ఒరిగింది. అమెరికాలో 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండుకు చేరక, పశ్చిమ భారతపు పత్తికి కనీవినీ ఎరుగని గిరాకీ ఏర్పడింది. యుద్ధం ముగియగానే ధర కుప్పకూలి బొంబాయిలో ఎందరో వర్తకులు దివాలా తీశారు. ఆనాడు లివర్‌పూలు బజారు ధర ఓడ టపాలో రావడానికి ఇంచుమించు ఒక నెల పట్టేది. 1870 తరువాత అదే ధర గంటల మీద తెలియసాగింది. 1860లో రైలు వచ్చి, 1877లో నూలుమిల్లు వెలసిన షోలాపురంలో నూలు ధర, కూలి రేటు, పని దొరకడం, దొరకకపోవడం అన్నీ ఏదో ఒక మేరకు ఆ సముద్రపు తీగతో ముడిపడ్డాయి. మగ్గం మీద కూర్చున్న నేతగాని బతుకును ఆ తీగ తాకింది. అతని మాటను మాత్రం అది మోయలేదు.

ఈ సంగతి బంగాళాఖాతపు తీరంలో మరింత స్పష్టంగా కనబడుతుంది. నేటి యానాం పొరుగున ఉన్న కోరంగి రేవు నుండి, విశాఖ, గంజాం తీరాల నుండి తెలుగు కూలీలు ఓడలెక్కి బర్మాకు, మలయాకు, మారిషసుకు, నేటాలుకు, ఫిజీకి వెళ్లారు. మారిషసులో తెలుగువారిని కోరింగీలని పిలవడానికి ఆ రేవు పేరే కారణం. 1843లో తెలుగువారిని ఆ ద్వీపానికి చేర్చిన ఓడ పేరు కూడా కోరింగా పాకెట్టే. ఈ వలసలు సాగుతుండిన కాలంలోనే వారి ఓడల అడుగున తంతి తీగలు పరచబడ్డాయి. పైన మనుషులు, క్రింద మాటలు. కాని పైనున్న మనుషుల మాటలు క్రిందనున్న తీగలోనికి దిగలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగినప్పుడు ఆ వార్తను పత్రికలకు అందించడానికి తంతి ఉన్నది. గోదావరి జిల్లాలలో, ఉత్తరాంధ్రలో భర్త కోసమో కొడుకు కోసమో ఎదురుచూసిన స్త్రీకి ఆ తంతి అందుబాటులో లేదు.

రుసుము ఒక్కటే అడ్డంకి అయితే కాలక్రమంలో అది తీరిపోయేది, తీరింది కూడా. అంతకంటె మొండి అడ్డంకి లిపి. మోర్సు సంకేతాలు చుక్కలు, గీతలు. అవి ఇంగ్లీషు వర్ణమాలలోని 26 అక్షరాల కోసం పుట్టినవి. హల్లుకు ఒత్తు, ఒత్తుకు గుణింతం చేరే తెలుగు వ్రాతకు వాటిలో చోటు లేదు. 1949లో దేవనాగరి లిపిలో హిందీ తంతులకు దారి ఏర్పడింది. తెలుగువాడు తెలుగు మాట పంపదలచుకుంటే దానిని ఇంగ్లీషు అక్షరాలలో వ్రాయించుకోవాలి. లేదా వచ్చీ రాని ఇంగ్లీషులోనికి మార్పించుకోవాలి. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న నాలుగు మాటలు ఎంతటి నిరక్షరాస్యునికైనా అర్థమయ్యే ఇంగ్లీషుగా ఇందుకే స్థిరపడ్డాయి. తంతి జవాను సైకిలు వీధి మలుపు తిరగగానే, కాగితం విప్పకముందే, ఏడుపులు మొదలయ్యేవని పెద్దలకు తెలుసు. పెళ్లిచూపులకు సెలవు దొరకని కుర్రవాని కోసం నిక్షేపంగా ఉన్న తల్లులను కూడా ఆ నాలుగు మాటలు మంచాన పడవేసేవన్న సంగతీ పెద్దలకు తెలుసు. 2013 జూలై 14తో దేశంలో ఆ సేవ ముగిసిపోయింది. దాదాపు 160 ఏళ్ల పాటు తంతి తెలుగువారికి సేవ చేసింది. తెలుగుకు మాత్రం చేయలేదు.

తపాలా అట్లా కాదు. తపాలాకు వేగం లేదు గాని, పట్టింపులు కూడా లేవు. కవరు లోపల ఏ లిపి ఉన్నా దానికి సమ్మతమే. 1879 జూలైలో పావు అణా కార్డు వచ్చింది. 1880లో మనియార్డరు వచ్చింది. నిజాం రాజ్యానికి వేరే తపాలా శాఖ ఉండేది. 1950లో గాని అది భారత తపాలాలో కలిసిపోలేదు. ఆ రాజ్యపు పాత తపాలా బిళ్లలను సేకరించినవారి వద్ద చూడవచ్చు: ఆ చిన్న కాగితపు ముక్క మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు మరాఠీ, తెలుగు అక్షరాలు కూడా అచ్చయి ఉంటాయి. షోలాపురపు తెలుగు కుటుంబాల ఇంటిభాష, వీధిభాష ఒకే బిళ్ల మీద ఇరుగుపొరుగుగా కూర్చున్నాయన్నమాట.

ఈ పాఠశాల పుట్టిన రోజులలోనే, 1950 అక్టోబరులో, ఇన్‌ల్యాండు లెటరు ప్రవేశపెట్టబడింది. ఆ నీలికాగితం వలసవచ్చిన కుటుంబాలకు ఎంతటి ఆప్తబంధువో ఈ తరం పిల్లలకు చెప్పి తెలియజేయడం కష్టం. మూడు మడతల లోపల ఊరి వానలు, మగ్గం మీది అప్పు, మేనకోడలి పెళ్లి, గేదె ఈనడం, అత్తగారి మోకాళ్ల నొప్పి అన్నీ ఒదిగేవి. "ఇక్కడ మేమందరమూ క్షేమము, అక్కడ మీ క్షేమమునకు వ్రాయవలెను" అని మొదలుపెట్టిన తరువాతనే దుర్వార్త అయినా వ్రాయడం మర్యాద. మడిచి అంటించే అంచు మీద, చిరునామా ప్రక్కన మిగిలిన ఖాళీలో, పక్కింటివారి కబురు కూడా అడ్డంగా వ్రాసి పంపేవారు. మనియార్డరు ఫారం అడుగున ఉండే చిన్న కూపనులో రెండు మూడు పంక్తులకు మించి పట్టదు. పండుగకు రాలేనని, పిల్లవానికి పుస్తకాలు కొనమని, కోపం ఉంచుకోవద్దని ఆ రెండు పంక్తులలోనే చెప్పాలి. పైకం ఖర్చయిపోయినా కూపను ముక్కను ఊరిలో దాచుకునేవారు. పాత పద్ధతి మనియార్డరు 2015లో నిలిచిపోయింది.

ఆ ఉత్తరాలను వ్రాసినవారెవరు? నేతపని చేసే తల్లిదండ్రులలో చాలమందికి అక్షరాలు రావు. ఐదవ తరగతో ఆరవ తరగతో చదివే పిల్లవాడు గడప మీద కూర్చుని, తల్లి చెబుతుంటే వ్రాసేవాడు. జవాబు వచ్చినప్పుడు వీధిలో నలుగురూ చేరి వాని చేతనే చదివించుకునేవారు. తెలుగు మాధ్యమ పాఠశాలలు పేటపేటకు చేసిన సేవలలో దీనిని ఏ నివేదికలోనూ ఎవరూ లెక్క వేయలేదు. మార్కుల పట్టికలో కనబడని చదువు అది. లేఖారచన పాఠంలో పై కుడి మూలన ఊరు, తేదీ వ్రాయించి, "మహారాజశ్రీ" అని దిద్దించిన ఉపాధ్యాయుడు నిజానికి రెండు ప్రాంతాల మధ్య ఒక మార్గాన్ని నిర్మిస్తున్నాడు.

టెలిఫోను సంగతి వేరు. 1882 జనవరిలోనే కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్ఛేంజీలు తెరచినా, సామాన్యుని చెవికి అది చేరడానికి నూరేళ్లు పట్టింది. ట్రంకు కాలు మాట్లాడాలంటే ఉదయం బుక్ చేసి సాయంకాలం దాకా కాచుకోవలసిన దినాలు ఎందరికో గుర్తున్నాయి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని కాలుకు మూడు తరగతులు; లైట్నింగు పేరుకు మెరుపు, ధర పిడుగు. 1960 నవంబరులో లక్నో, కాన్పూరుల నడుమ మొదటి ఎస్.టి.డి. మార్గం ఏర్పడింది. 1984లో సి-డాట్ సంస్థ స్థాపించబడి, దుమ్ముకు, ఎండకు తట్టుకొని శీతల గది లేకుండానే పనిచేసే చిన్న ఎక్స్ఛేంజీలను దేశంలోనే రూపొందించింది. వాటిలో మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొన్నది. తరువాతి పదేళ్లలో పసుపుపచ్చని ఎస్.టి.డి. బూతు లేని వీధి అరుదయింది. రాత్రి పొద్దుపోయాక ధర తగ్గుతుంది కనుక అప్పుడే బూతుల ముందు వరుసలు. మాట్లాడేవారి చూపు ఎర్ర అంకెలు తిరిగే మీటరు మీద, మనసు సిరిసిల్లలో. 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య తొలి సెల్‌ఫోను సంభాషణ జరిగింది. 2003లో వచ్చిన ఫోనుకు ఛార్జీ లేకుండా పోవడంతో అది కూరగాయల బండివాని చేతికీ వచ్చింది.

ఇది అల్పమైన మార్పు కాదు. అక్షరం రాని తల్లికి మొట్టమొదటిసారిగా మధ్యవర్తి అక్కరలేకపోయింది. మనుమని చేత వ్రాయించడానికి సిగ్గుపడే కష్టాలను ఆమె తన చెల్లెలితో స్వయంగా చెప్పుకోగలిగింది. మోర్సు సంకేతం చోటివ్వని తెలుగు యాసలన్నీ టెలిఫోను తీగ మీద యథాతథంగా నడిచాయి. అంతకు ముందే, 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సాలతో కలిపి ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజను కార్యక్రమాలు అందించినప్పుడు తెలుగు కూడా ఆకాశం నుండి దిగివచ్చింది. 1995లో తెలుగు ఉపగ్రహ ఛానళ్లు మొదలయ్యాక రాష్ట్రం బయట ఉన్న తెలుగు ఇళ్లలో సాయంకాలాలే మారిపోయాయి. ఉత్తరాన్ని పొగడేవారు టెలిఫోనును తక్కువచేసి మాట్లాడడం న్యాయం కాదు. ఉత్తరంలో ఏడుపు వినబడదు; నవ్వూ వినబడదు.

అయితే ఆ సౌకర్యంతో పాటే ఒక మాట ఇంటింటా బయలుదేరింది: "ఫోనులో తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు కదా, ఇక తెలుగు చదవడం, వ్రాయడం ఎందుకు?" పిల్లలను ఏ మాధ్యమంలో చేర్చాలని ఆలోచించే తల్లిదండ్రులు ఈ ప్రశ్న వేస్తున్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, ఊరిలో నిలవడానికి మరాఠీ కావాలి; పిల్లవాని తలకు మూడవ బరువు ఎందుకని వారి బాధ. దీనికి ఆవేశపూరితమైన ఉపన్యాసం సమాధానం కాదు. చేతిఫోను లోపల తెలుగు ఎట్లా పనిచేస్తుందో చూస్తే కొంత సమాధానం దొరుకుతుంది.

యంత్రానికి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. కనుక ప్రతి అక్షరానికీ ఒక అంకెను కేటాయించాలి. భారతీయ లిపుల కోసం 1980 దశకంలో ఇస్కీ అనే ప్రమాణం సిద్ధమయింది. ప్రపంచ లిపులన్నింటికీ ఒకే పట్టిక కావాలన్న సంకల్పంతో వచ్చిన యూనికోడ్ తొలి సంచిక 1991 అక్టోబరులో వెలువడగా, అందులో తెలుగుకు 128 గళ్లు కేటాయించబడ్డాయి. "శ్రీ" అని వ్రాయడానికి నాలుగు అంకెలు కావాలి: శకారం, పొల్లు, రకారం, ఈత్వం. ఈ నాలుగింటినీ వరుసగా పంపితే అవతలి యంత్రం వాటిని ఒకే అక్షరంగా కూర్చి చూపుతుంది. 1990లలో ఏ ముద్రణాలయపు ఫాంటు దానిదే. ఒక చోట కూర్చిన తెలుగు మరొక చోట పిచ్చిగీతలుగా కనబడేది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు రావడంతో ఆ ఇబ్బంది తీరసాగింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. తంతి తీగ నిరాకరించిన లిపికి నూటయాభై ఏళ్ల తరువాత అధికారికంగా ప్రవేశం దొరికింది.

ప్రవేశం దొరికినా ప్రయాణపు ఖర్చు కొంతకాలం ఎక్కువగానే ఉన్నది. చేతిఫోనులో ఒక ఎస్.ఎం.ఎస్.కు ఇంగ్లీషు అక్షరాలయితే 160 పడతాయి. తెలుగయితే 70 మాత్రమే. ఆ డెబ్బయిలో "శ్రీ" ఒక్కటే నాలుగింటిని మింగివేస్తుంది. సందేశానికి ఇంత అని రుసుము చెల్లించే రోజులలో, పైగా తెలుగు మీటలు లేని ఫోనులలో, పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడం నేర్చుకున్నారు. పాత తంతి ఆఫీసు పద్ధతే మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి జేబులోనికి. నేడు రుసుము బాధ లేదు, ప్రతి ఫోనులోనూ తెలుగు మీటలున్నాయి. అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఆ అలవాటుతో వచ్చే చిక్కును ఒక పండుగ పేరుతో చూడవచ్చు. మారిషసులో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. నూటయాభై ఏళ్లకు పైగా సముద్రానికి ఆవల ఉండి కూడా అక్కడి తెలుగువారు ఆ పండుగను నిలుపుకున్నారు, పాఠశాలలలో తెలుగును ఒక విషయంగా బోధించుకుంటున్నారు. ఫ్రెంచి ప్రభావం గల దేశం గనుక వారు ఆ పేరును ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసేటప్పుడు "ఓ, యు" అనే రెండక్షరాలతో మొదలుపెడతారు. షోలాపురపు పిల్లవాడు "యు" అనే ఒక్క అక్షరంతో మొదలుపెడతాడు. ఇద్దరూ పలికేది ఒకటే, వ్రాసేది వేరు. కల, కళ, కాల అన్న మూడు మాటలు ఇంగ్లీషు అక్షరాలలో సాధారణంగా ఒకే రూపంలో ఉంటాయి. నేడు ఆ ద్వీపంలోని తెలుగు కుటుంబమూ, షోలాపురంలోని తెలుగు కుటుంబమూ తెర మీద ముఖాముఖి చూసుకోవడానికి ఖర్చు లేదు. చూసుకున్న తరువాత? అక్కడి ఇంటి వాడుక క్రియోలు, ఇక్కడి ఇంటి తెలుగులో సగం మరాఠీ. ఒకరి యాస ఒకరికి పట్టుబడదు. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలినది బడిలో నేర్చిన వ్రాత తెలుగే.

ఈ దూరదర్శన వైభవమంతా ఆకాశం నుండి వస్తున్నదని చాలమంది భావిస్తారు. నిజానికి ఖండాల నడుమ నడిచే సమాచారంలో నూటికి 95 వంతులకు పైగా ఇప్పటికీ సముద్రం అడుగుననే సాగుతున్నది. రాగి పోయి గాజు వచ్చింది. గాజు పోగులో కాంతిని చాలా దూరం పంపవచ్చునని చార్లెస్ కావో 1966లో నిరూపించాడు. 2009లో ఆయనకు నోబెలు బహుమతి లభించింది. 2002లో చెన్నై నుండి సింగపూరుకు సుమారు 3,200 కిలోమీటర్ల గాజు తంతిని వేశారు. మద్రాసు నుండి పెనాంగు మీదుగా గట్టాపర్చా తొడుగుతో తీగ వేసిన 130 ఏళ్ల తరువాత, ఇంచుమించు అదే దారి! 2008 జనవరి చివర ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా వద్ద తంతులు తెగినప్పుడు భారతదేశంలో ఇంటర్నెట్ చాలా వరకు కుంటుపడింది. ఎంత వేగమయినా అది తెగే వస్తువే.

మరొక కొత్త సంగతి యంత్రానువాదం. గూగుల్ అనువాద సేవలో 2011 జూన్‌లో తెలుగు చేరింది. మాట చెబితే అక్షరాలుగా మార్చే సాధనాలు, అక్షరాలను చదివి వినిపించే సాధనాలు ఫోనులలోనికి వచ్చాయి. ఇవి ఉన్నప్పుడు లిపి నేర్వడం దండుగ అని వాదించేవారున్నారు. కాని ఈ యంత్రాలన్నీ నేర్చుకునేది మనుషులు వ్రాసి పెట్టిన దాని నుండే. షోలాపురంలో, భివండిలో, బరంపురంలో, హోసూరులో మాట్లాడే తెలుగును ఎవరూ వ్రాసి పెట్టకపోతే యంత్రం ఆ తెలుగును ఎన్నడూ వినినట్లు కాదు. మగ్గం పనిముట్ల పేర్లు, మరాఠీ కలిసిన సామెతలు, పెళ్లిపాటలలో మిగిలిన పాత కరీంనగరు మాటలు దానికి తప్పులుగానే తోస్తాయి. అది వాటిని దిద్ది వేరే ఊరి మాటలను పెడుతుంది. తెలుగును తంతి ఆఫీసు గుమస్తా ఇంగ్లీషులోనికి మార్చిన కాలానికి, తెలుగును యంత్రం మరొక తెలుగులోనికి మార్చే కాలానికి మధ్య తేడా ఎంతో ఆలోచించవలసినదే.

విద్యార్థులారా! ఈ జూబిలీ సంవత్సరంలో మీ చేతుల మీదుగా జరగగల పని ఒకటి ఉన్నది. మీ ఇళ్లలో అటకల మీద, పాత ట్రంకుపెట్టెలలో, నాయనమ్మల చీరల అడుగున కార్డులు, నీలి ఇన్‌ల్యాండులు, మనియార్డరు కూపనులు ఇంకా ఉన్నాయి. చాల ఇళ్లలో వాటిని చదవగలవారు మీరొక్కరే. పెద్దల అనుమతి తీసుకొని వాటిని బయటకు తీయండి. తేమ తగిలిన మడతను బలవంతంగా విప్పకూడదు. నీడపట్టున కొంతసేపు ఉంచి మెల్లగా తెరవాలి. రెండు వైపులా ఫోనుతో ఫొటో తీయాలి, ముఖ్యంగా తపాలా ముద్రలోని ఊరు, తేదీ కనబడేటట్లు. 1972 ఆగస్టుకు ముందరి చిరునామాలలో పిన్‌కోడు ఉండదు. కరీంనగరు జిల్లా అని ఉన్న సిరిసిల్ల 2016 నుండి మరొక జిల్లా కేంద్రం. పాతపేరు, కొత్తపేరు రెండూ వ్రాసుకోవాలి. తరువాత ఆ ఉత్తరాన్ని ఎవరి పేర వచ్చిందో వారికి, వారు లేకపోతే వారి పిల్లలకు, పైకి చదివి వినిపించాలి. చదువుతున్నప్పుడు వారు మధ్యలో ఆపి చెప్పే సంగతులను, వారు పలికిన తీరులోనే, తెలుగు అక్షరాలలో వ్రాసి ఉంచాలి. ఇంటి గుట్టు బయటకు పొక్కే ఉత్తరమయితే దానిని ఇంటిలోనే ఉంచి, మిగిలినవాటి ప్రతులను పాఠశాల గ్రంథాలయంలో ఇవ్వవచ్చు. ఉత్తరం పంపిన ఊరిలో ఆ ఇంటివారు ఇంకా ఉన్నట్లయితే ఫొటోను, వ్రాసిన ప్రతిని వారి ఫోనుకు పంపండి. ఏ చేతివ్రాత తమ తాతదో వారే గుర్తుపట్టి చెబుతారు.